మా ఇంటి క్యాసెట్‌లో లేని స్టేజీ

గుంటూరులో కారం పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. ఎర్రగా నిగనిగలాడే కారప్పొడి గిన్నెలో పోసి ముందు పెడితే మామూలు మనుషులకి ఆవకాయ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇందులో ఏం కలిపి ఉంటారన్నదే మొదటి ఆలోచన. రంగు కలిపారా, నూనె పట్టించారా, తొడిమలతో సహా ఆడించారా అని చూడటమే నా ఉద్యోగం. ఈ సంగతి మా ఆయన పెళ్లైన మొదటి నెలలోనే గ్రహించాడు. ఏ ఊరెళ్లొచ్చినా నేనడక్కుండానే బస్సు టికెట్ తీసి బల్ల మీద పెడతాడు. అది వెటకారమని నాకు తెలుసు. అయినా తీసి చూస్తాను.

ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదు. మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. సత్తెనపల్లి దగ్గర పల్లెలో మాది మిరప, పత్తి వేసే కుటుంబం. మిరపకాయలు తొక్కిన గోనె సంచిని మా వైపు టిక్కీ అంటారు. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ పైభాగం చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి ఒక గుప్పెడు కాయలు లాగుతాడు. ఆ గుప్పెట్లో రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలు నాలుగు కనిపించాయా, ఇక టిక్కీ మొత్తం తాలే. రైతు నెత్తీనోరూ కొట్టుకున్నా వినడు. ఒక ఏడాది నాన్న సరుక్కి సరిగ్గా ఇలాగే జరిగింది. కళ్లంలో ఏరి ఏరి తొక్కిన మంచి కాయ అది. ఎక్కడో నాలుగు తాలు కాయలు పొరపాటున పడ్డాయి, అవే వాడి చేతికి దొరికాయి. ఆ అవమానం నాన్న మర్చిపోలేదు. విచిత్రమేమిటంటే, ఆ పద్ధతిని తిట్టాల్సినవాడు దాన్నే పట్టుకున్నాడు. ఆ రోజునుంచి లోకంలో ప్రతిదాని అడుగునా చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు.

శనగపప్పు కొంటే డబ్బా అడుగునుంచి తీయించేవాడు. మా మేనమామకి పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు అందరూ అమ్మాయిని చూస్తుంటే ఈయన పెరట్లోకెళ్లి వాళ్ల బావి నీళ్లు తోడుకుని రుచి చూశాడు. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంట" అనేది ఆయనకి రోజూ చదువుకునే మంత్రం. అమ్మ విసుక్కునేది, అక్క నవ్వేది. నేను మాత్రం ఆయన వెంటే తిరిగి అన్నీ నేర్చుకున్నాను. "దీని కన్ను కాకి కన్నురా" అని నన్ను నలుగురిలో మెచ్చుకుంటే ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని.

మా ఇంటికి వీడియో గేమ్ వచ్చింది అక్క పుణ్యాన. నాకంటే ఐదేళ్లు పెద్దది. పదో తరగతిలో స్కూలుకి ఫస్టొచ్చింది. ఏం కావాలో అడగమంటే అందరాడపిల్లల్లా గొలుసు అడగలేదు, టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ అడిగింది. నాన్న గుంటూరు తీసుకెళ్లి, కొట్లోనే టీవీకి పెట్టించి, రెండు రిమోట్లూ పనిచేస్తున్నాయని నొక్కి చూసి మరీ కొన్నాడు. అక్క దాంతో ఆడింది నెల రోజులే. ఎంపీసీలో చేరి గుంటూరు హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఆట నా సొత్తయింది.

బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బా, దానిమీద నిలబెట్టే పసుపు పచ్చ క్యాసెట్. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టాలి. అందులో నాకిష్టమైనది గొరిల్లా ఆట. పెద్ద గొరిల్లా ఒకటి ఒక అమ్మాయిని ఎత్తుకుపోయి ఇనప దూలాల పైన కూర్చుంటుంది. మీసాల మనిషి నిచ్చెనలెక్కుతూ పైకి పోయి ఆ అమ్మాయిని చేరుకోవాలి. మొదటి స్టేజీలో గొరిల్లా పీపాలు దొర్లిస్తుంది, వాటిమీంచి దూకాలి. రెండోదాంట్లో పైకీ కిందకీ తిరిగే లిఫ్టులుంటాయి, ఎగిరెగిరి వచ్చే ఇనప స్ప్రింగు నెత్తిన పడకుండా తప్పుకోవాలి. మూడోదాంట్లో దూలాలకి బిగించిన బోల్టులన్నీ ఊడగొడితే గొరిల్లా తలకిందులుగా పడుతుంది. అంతే, మళ్లీ పీపాల దగ్గర మొదలు, ఇంకాస్త వేగంగా. స్టేజీలు మూడు. ఇన్నిసార్లు ఆడానని చెప్పలేను గానీ కళ్లు మూసుకున్నా ఆ పీపాలు కనిపించేవి.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కార్తీకమాసంలో ఒకరోజు నాన్న యార్డునుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. కమీషన్ కొట్లో గుమస్తా ఒకాయన ఆయన చెవిలో ఒక మాట వేశాడు. "మీ పెద్దమ్మాయిని శుక్రవారం మధ్యాహ్నం బ్రాడీపేటలో సినిమాహాలు పక్క సందులో చూశానండి. పక్కన ఇంకా ఎవరో ఉన్నారు, సరిగ్గా కనపళ్లేదు" అన్నాడట. ఆ "ఇంకా ఎవరో" అన్నది నాన్నకి చాలు.

ఆ శనివారం అక్క ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కోకముందే విచారణ మొదలైంది.

"శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ప్రాక్టికల్స్ లేవని తొందరగా వదిలేశారు నాన్నా. హాస్టల్ పిల్లలం నలుగురం వీడియో గేమ్స్ షాపుకెళ్లాం. సినిమాహాలు పక్కన కొత్తగా పెట్టారు."

"ఆడపిల్లలు వీడియో గేమ్స్ షాపుకా? ఎన్నిసార్లెళ్లారు?"

"ఒక్కసారే నాన్నా. నిజం. మనింట్లో ఉన్న గొరిల్లా ఆటే అక్కడా ఉంది. బీరువా అంత మిషను, నిలబడి ఆడాలి. దాంట్లో మనకి లేని స్టేజీ కూడా ఒకటుంది. సిమెంటు తట్టలు బెల్టు మీద పోతుంటాయి. నా కళ్లతో చూశాను."

అక్క చేసిన తప్పు అదే. ఆటల కొట్టుకి వెళ్లానని ఊరుకుంటే సరిపోయేది. నమ్మించాలన్న తాపత్రయంతో సాక్ష్యం ఇచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా లెక్కల నోటు తీసి గ్రాఫ్ కాగితం మీద ఆ స్టేజీ బొమ్మ గీసింది. ఎదురెదురుగా తిరిగే బెల్టులు, వాటిమీద తట్టలు, మధ్యలో మంట మండే పీపా, పొడుగై మళ్లీ పొట్టిగా అయిపోయే రెండు నిచ్చెనలు. గడి గడికీ పెన్సిలుతో నింపింది. గీత వంకర పోలేదు.

అమ్మకి ఇదంతా తలనొప్పిగా ఉంది. "ఎందుకీ గొడవంతా? కర్పూరం ఆర్పమనండి, తేలిపోద్ది" అంది. మా వైపు ఇలాంటివి అలాగే తేలతాయి. దేవుడి ముందు కర్పూరం వెలిగించి, చెప్పదల్చుకున్న మాట చెప్పి, అరచేత్తో దాన్ని ఆర్పాలి. ఆర్పిన తర్వాత ఆ విషయం ఇంకెవరూ ఎత్తకూడదు. అక్క వెంటనే చెయ్యి చాచింది. "తేమ్మా, ఆర్పుతాను" అంది.

నాన్న ఒప్పుకోలేదు. "యార్డులో పొద్దుగూకులూ ఒట్లే వింటాను. ఒట్టుకి విలువేంటి? సరుకు ఇంట్లోనే ఉంటే కర్పూరం దేనికి?" అని నావైపు తిరిగాడు. "అమ్మాయ్, పెట్టు ఆ ఆట."

పెట్టాను. అక్క నా పక్కనే కింద కూర్చుంది, నాన్న మంచం మీద, అమ్మ గుమ్మంలో. నా జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ ఆడలేదు. పీపాలు, లిఫ్టులు, బోల్టులు. మళ్లీ పీపాలు, లిఫ్టులు, బోల్టులు. "ఇంకా ముందుకెళ్లవే, వస్తది" అంటోంది అక్క. మూడో చుట్టు అయింది, నాలుగో చుట్టు అయింది. తట్టలూ రాలేదు, బెల్టులూ రాలేదు. నేను రిమోట్ కింద పెట్టి నాన్నవైపు చూశాను.

"లేదు నాన్నా. మూడే" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే నా మనసుకి ఇంత బరువు ఉండేది కాదు. ఆగలేదు. "అక్క కట్టుకథ చెప్తోంది" అని కూడా అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు. నాన్న కళ్లలో మెప్పు కోసం నేనే కలిపాను. కారంలో ఇటికపొడి కలిపేవాళ్లని ఇప్పుడు ఎన్ని మాటలంటానో, ఆ మాటలన్నీ ముందు నాకే తగలాలి.

అక్క ఏడుస్తూ నావైపు చూసింది. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదే" అంది.

నాన్న అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. గుప్పెట్లో తాలు కాయ కనబడింది కాబట్టి టిక్కీ మొత్తం తాలని తేల్చేశాడు. ఆట గురించి అబద్ధం చెప్పింది కాబట్టి షాపు అబద్ధం, హాస్టల్ పిల్లలు అబద్ధం, ఆ "ఇంకా ఎవరో" మాత్రం నిజం. సోమవారం పొద్దున్నే గుంటూరు వెళ్లి అక్క ట్రంకు పెట్టె, పరుపు బస్సు మీద వేయించుకుని తెచ్చేశాడు. అక్క సత్తెనపల్లి కాలేజీలో చేరింది. అక్కడ లెక్కల లెక్చరర్ సగం రోజులు వచ్చేవాడు కాదు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాయాలని అక్కకి ఎంత ఉండేదో నాకు తెలుసు. హాస్టల్‌కి వెళ్లకముందే ఆ పుస్తకాలు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుని అట్టలేసుకుంది. రాయలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో చీరాల్లో చేనేత చీరల వ్యాపారం చేసే కుటుంబంలో సంబంధం కుదిరింది.

అక్క జీవితం పాడైపోయిందని నేననను. బావ మంచివాడు, ఇద్దరు పిల్లలు చక్కగా చదువుకున్నారు. కానీ నన్ను గుంటూరు హాస్టల్‌కి పంపేటప్పుడు నాన్న అన్న మాట చెప్పాలి. "దీని గురించి నాకు భయం లేదు. ఇది ఉన్నది ఉన్నట్టు చెప్పుద్ది" అన్నాడు. అదే బ్రాడీపేటలో, అక్క ఉన్న వీధికి రెండు వీధుల అవతల నేను కెమిస్ట్రీ చదువుకున్నాను. అక్క దగ్గర లాక్కున్న కుర్చీలో కూర్చుని చదువుకున్నానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఆ షాపు ఉందేమో చూద్దామని ఒక్కసారైనా ఆ సందులోకి వెళ్లలేదు. చూడాల్సిన అవసరమేముంది, మూడే అని నాకు తెలుసుగా! అనుమానం మనిషినని చెప్పుకుంటాను గానీ, నా మాటని మాత్రం నేనెప్పుడూ అనుమానించలేదు.

ఈ మధ్య మా ల్యాబ్‌లో ఒకావిడ రిటైరవుతుంటే బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల మధ్య కొత్తగా పెట్టిన ఒక కాఫీ షాపులో చిన్న పార్టీ ఇచ్చింది. ఆ షాపులో అలంకారానికన్నట్టు ఒక మూల పాతకాలం ఆట మిషన్ పెట్టారు. పాతది కాదులెండి, పాతదానిలా చేయించిన చెక్క బీరువా. లోపల అరవై ఆటలు నింపారు. అందరూ సమోసాలు తింటుంటే నేను దాని దగ్గరికి వెళ్లాను. జాబితాలో గొరిల్లా ఆట ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా వేళ్లు దురదపెట్టాయి.

మొదలుపెట్టగానే ఒకటి కొత్తగా అనిపించింది. గొరిల్లా అమ్మాయిని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కుతుంది, పైకెళ్లి ఎగిరెగిరి తొక్కుతుంది, ఆ దెబ్బకి తిన్నగా ఉన్న దూలాలు వంగిపోతాయి. మా ఇంట్లో దూలాలు మొదటినుంచే వంగి ఉండేవి. అవి ఎందుకు వంగాయో నేను ఏనాడూ అడగలేదు. తెర కూడా నిలువుగా, పొడుగ్గా ఉంది. మా టీవీలో అణిచిపెట్టినట్టు ఉండేది. పీపాల స్టేజీ దాటాను. లిఫ్టులు రావాలి, రాలేదు. ఏకంగా బోల్టుల స్టేజీ వచ్చింది. అది కూడా దాటితే మళ్లీ పీపాలు. మా ఇంట్లో మూడు, ఇక్కడ రెండేనా? నాకు నవ్వొచ్చింది. పెద్ద మిషన్‌లో ఎక్కువ ఉన్నాయన్నావు, చూడక్కా, ఉన్నది కూడా లేదు అనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా మొదటి ఆలోచన అదే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

రెండో చుట్టులో మాత్రం లిఫ్టులు వచ్చాయి. అక్కడే స్ప్రింగు నెత్తిన పడి చచ్చాను. అప్పుడు నాకు సమోసా సహించలేదు. మొదటి చుట్టులో రెండు, రెండో చుట్టులో మూడు. అయితే మూడో చుట్టులో ఎన్ని?

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. దాని తర్వాతి ఆదివారం కూడా. మా ఆయనకి బ్రాడీపేటలో కళ్లద్దాల పని ఉందని చెప్పాను. ఆయన టికెట్లు నేను చూస్తాను గానీ నా టికెట్లు ఆయన ఎప్పుడూ అడగడు. ఇంటి ఆటకీ ఈ బీరువా ఆటకీ తేడా చేతికే తెలుస్తుంది. ఇంట్లో కింద కూర్చుని బొటనవేళ్లతో నొక్కేదాన్ని, ఓడిపోతే మళ్లీ మొదలెట్టడమే, అడిగేవాళ్లు లేరు. ఇక్కడ నిలబడి పిడి తిప్పాలి, కాలు నొప్పి పుడుతుంది, వెనక ఎవరో ఎప్పుడు పోతావా అని కాచుకుని ఉంటారు. ఇంటి కోసం చేసిన ఆట మనిషిని కూర్చోబెట్టుకోవాలని చూస్తుంది. షాపు కోసం చేసిన ఆట తొందరగా పంపించేయాలని చూస్తుంది. అందుకే దాచుకున్నదంతా ఒకేసారి చూపించదు. పైన మంచి కాయ పోసి అడుగున తాలు తొక్కిన టిక్కీలు చాలా చూశాను. అడుగున మంచి కాయ దాచిన టిక్కీ ఇదే చూడటం.

నాలుగో ఆదివారం మూడో చుట్టుకి చేరాను. పీపాలు దాటాను. తెర మారింది. ఎదురెదురుగా తిరిగే బెల్టులు. వాటిమీద సిమెంటు తట్టలు. మధ్యలో మంట మండే పీపా. పొడుగై పొట్టిగా అయిపోయే రెండు నిచ్చెనలు. నేను పిడి కదపలేదు. ఒక తట్ట వచ్చి నా మనిషిని కొట్టింది, పడిపోయాడు. మిషను మళ్లీ లేపింది, నేను మళ్లీ కదపలేదు. అక్క గ్రాఫ్ కాగితం మీద గీసిన బొమ్మే అది. ఒక్క గీత కూడా తప్పు లేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అంతలోనే బుద్ధి ఊరుకుందా? అరవై ఆటల డబ్బా కదా, ఎవరో మధ్యలో ఈ స్టేజీ చేర్చి ఉంటారేమో అనుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో షాపుల కోసం చేసిన ఆట, ఇళ్ల కోసం చేసిన ఆట రెండూ పట్టుకుని, ల్యాబ్‌లో రెండు శాంపిళ్లు పక్కపక్కన పెట్టినట్టు పెట్టి చూశాను. దూలాలు వంగే సన్నివేశం ఇంటిదాంట్లో లేదు. తట్టల స్టేజీ లేదు. ఆ క్యాసెట్లలో చోటు చాలక తీసేశారని అంటారు. ఒక్క ఈ ఆటకే కాదు. గొట్టాల్లోంచి తాబేళ్లు వచ్చే ఆట ఒకటుంది, కిందనుంచి గుద్ది వాటిని తిరగేయాలి. షాపుదాంట్లో పైనుంచి మంచు సూదులు రాలతాయి. అది కూడా నేను ఇంట్లో తెగ ఆడాను, ఒక్క సూది ఏనాడూ రాలలేదు. అట్ట మీద అదే పేరు, అదే బొమ్మ. లోపల సరుకు వేరు. ఈ మోసం పట్టుకోవడమే నా ఉద్యోగం, నా ఇంట్లో నా చేతిలో ఉన్నదాన్ని పట్టుకోలేకపోయాను.

ఆ రోజు మేం చెయ్యి పెట్టింది వేరే టిక్కీలో. అక్క చెప్పింది గుంటూరు సరుకు గురించి, మేం పరీక్షించింది ఇంట్లో సరుకుని. ల్యాబ్‌లో చేరి వారం రోజులైన కుర్రదానికి కూడా తెలిసే తప్పు అది. నాన్న ఇప్పుడు లేడు, ఆయన్ని నిలదీయడానికి లేదు. నాకు ఆయనమీద కోపమొచ్చింది, నామీద అంతకంటే ఎక్కువ వచ్చింది. అమ్మ మాట విని ఆ కర్పూరం ఆర్పనిచ్చి ఉంటే అక్క సోమవారం తిరిగి కాలేజీకి వెళ్లేది.

తట్టల స్టేజీని ఫోన్లో వీడియో తీసుకుని, తర్వాతి సెలవు రోజున రైలెక్కి చీరాల వెళ్లాను. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాను. తెనాలి దాటేవరకూ క్షమాపణ మాటలే. బాపట్ల దగ్గరికొచ్చేసరికి ఇంకో ఆలోచన పురుగులా తొలచడం మొదలుపెట్టింది. ఆ స్టేజీ మూడో చుట్టులోగాని రాదు. చిన్నప్పుడంతా ఆ ఆటే ఆడి పెరిగిన నాకే నాలుగు ఆదివారాలు పట్టింది. అక్క ఒక్కసారే వెళ్లానంది. ఒక్కసారి వెళ్లి మూడో చుట్టు దాకా ఎలా పోయింది? వద్దు, ఈ రోజు వద్దు, అని నన్ను నేనే కసురుకున్నాను.

అక్క ముందు గదిలో కూర్చుని పమిట అంచు డిజైన్ గ్రాఫ్ మీద వేసుకుంటోంది. వాళ్ల మగ్గాలకి డిజైన్లన్నీ తనే గీస్తుంది. "చెప్పాపెట్టకుండా వచ్చావేంటే? ఎవరికైనా బాగోలేదా?" అని లేచింది. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి, ఫోను చేతిలో పెట్టాను.

వీడియో ఆఖరిదాకా చూసింది. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ మొదటినుంచి చూసింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా వచ్చింది.

"అవునే, ఈ బెల్టు ఇటు తిరిగి మళ్లీ అటు తిరుగుద్ది. ఇదే."

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. మనింటి క్యాసెట్‌లోనే లేదు. నేను తప్పు చెప్పాను. కట్టుకథన్నాను. నీ చదువు నావల్లే పోయింది" అన్నాను. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా ఏడ్చాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "చిన్నదానివి. నాన్న అడిగాడు, నువ్వు చెప్పావు. పోనీలే" అంది. లోపల మగ్గం చప్పుడవుతోంది. అంత తేలికగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో. నేను అక్కడ ఆగిపోవాల్సింది. కాఫీ తాగి, భోజనం చేసి, సాయంత్రం రైలుకి వచ్చేయాల్సింది.

"అయితే అక్కా, ఈ స్టేజీ మూడో చుట్టుకి గాని రాదు" అన్నాను. "కొత్తగా ఆడేవాళ్లెవరూ అంతదూరం పోలేరు. నువ్వు ఒక్కసారే వెళ్లానన్నావుగా?"

అక్క నా చెయ్యి వదల్లేదు గానీ పట్టు సడలింది.

"నేను ఆడలేదే" అంది. "చూశాను. ముందెవరో ఆడుతుంటే వెనకాల నిలబడి చూశాం. మా వంతు రాకముందే హాస్టల్‌కి టైమైపోయింది. ఆ రోజు కూడా చూశాననే చెప్పాను."

అంతా సరిపోయింది. ఒక్క మాటతో ముడి విడిపోయింది. సంతోషించాల్సిన చోట నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "ఎవరు ఆడుతున్నారు?"

అక్క నావైపు చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, కోపముంటే బాగుండేది.

"మిషను చెప్తే నమ్మావు" అంది. "రైలెక్కి వచ్చి మరీ ఏడ్చావు. నేను చెప్తే మాత్రం మళ్లీ ప్రశ్నే వచ్చింది. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ఫోను లేకుండా, ఆట లేకుండా, నేను చెప్పానని ఒక్కసారి నమ్మవే. ఎవరో నాకు తెలీదు. ఆడుతున్నవాడి వీపు తప్ప మొహం కూడా చూడలేదు."

"నమ్ముతున్నాను అక్కా" అన్నాను. అంటూనే ఆమె కళ్లలోకి చూస్తున్నాను, ఎక్కడైనా తడబడుతుందేమోనని. నేను చూస్తున్నానని అక్కకి తెలిసిపోయింది. మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.